మా ఆయన ఉప్పు చూసిన వైన్

నిన్న మధ్యాహ్నం మా పక్క టౌన్‌హౌస్‌లో కొత్తగా దిగిన దంపతులు పరిచయం చేసుకోవడానికి వచ్చారు. హైదరాబాద్ పిల్లలు, ఇద్దరూ ఐటీలోనే. నేను టీ పెడుతుంటే ఆ అమ్మాయి వంటింటి కిటికీ దగ్గరికి వెళ్లి, "ఆంటీ, మనీప్లాంట్ వైన్ బాటిల్‌లో పెట్టారా! లేబుల్ తీసేస్తే ఇంకా బాగుంటది. వేడినీళ్లలో నానబెడితే ఊడొచ్చేస్తుంది" అంది. ముందుగదిలో వాళ్లాయనతో మంచు తోసే మెషీన్ల గురించి మాట్లాడుతున్న మా ఆయనకు మామూలుగా నేను పక్కన నిలబడి పిలిచినా వినిపించదు. ఈ మాట మాత్రం వినిపించింది. "లేబుల్ జోలికి వెళ్లకమ్మా" అని అక్కణ్నించే కేకేశారు. ఆ సీసాలో నీళ్లు మార్చినప్పుడల్లా లేబుల్ తడవకుండా గరాటు పెట్టి పోసే మనిషి ఆయన. అలాగని తాగే అలవాటుందనుకునేరు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆఫీసు పార్టీల్లో జింజర్ ఏల్ అనే అల్లం సోడా గ్లాసు పట్టుకుని ఓ మూల నిలబడి ఇంటికొచ్చేసేవారు.

ఆ సీసా సంగతి చెప్పాలంటే మా అమ్మాయి దగ్గర మొదలుపెట్టాలి. తను కెమిస్ట్రీ చదివింది. టొరంటోలో మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగం, నార్త్ యార్క్‌లో సబ్‌వే పక్కనే కాండో ఫ్లాట్. మేం ఇక నిశ్చింతగా ఉండవచ్చనుకుంటున్న సమయంలో అవన్నీ వదిలేసి, బ్రిటిష్ కొలంబియాలో ఒకనాగన్ సరస్సు ఒడ్డున ఒక వైనరీలో పని నేర్చుకోవడానికి వెళ్లిపోయింది. "అమ్మా, ఐ వాంట్ టు మేక్ సంథింగ్" అని నాకు ఒక ముక్కలో చెప్పింది. మా ఆయన కోపం వస్తే అరిచే రకం కాదు. గ్యారేజీలోకి వెళ్లి స్క్రూలు సైజులవారీగా సర్దే రకం. ఆ నెలంతా మా గ్యారేజీ అద్దంలా ఉంది. విన్నిపెగ్‌లో ఉండే వాళ్లక్కయ్య ఫోన్ చేసి మేనకోడలి గురించి అడిగితే "ఫుడ్ టెక్నాలజీలో ఉందక్కా" అన్నారు. అది అబద్ధమని అనలేం, నిజమనీ అనలేం. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఒకసారి అమ్మాయి ఆ మాట చెవులారా విన్నది. మేడమీదికి వెళ్లి తన పాత పుస్తకాలన్నీ సైజులవారీగా సర్దింది. ఎంతైనా ఆ తండ్రి కూతురు. నాన్న తన పనిని పేరు పెట్టి చెప్పరన్న బాధ మాత్రం దానికి లోపల ఉండిపోయిందని నాకు తెలుసు.

ఇక్కడ మా ఇంటి అలవాటు ఒకటి చెప్పాలి. మేముండే మిల్టన్‌లో ఇండియన్ స్టోర్‌కి పచ్చిమామిడికాయలు వచ్చిన వారమే మా ఇంట్లో ఆవకాయ పెడతాం. మూడో రోజున తిరగకలిపినప్పుడు ఉప్పు చూడటం మా ఆయన పని. ఆయన కుడి అరచెయ్యి చాపితే అందులో కాస్త ఊట వేయాలి. దాన్ని నాలుక మీద వేసుకుని, కళ్లు మూసుకుని, పెద్ద ప్రాజెక్టు రిపోర్టు గురించి ఆలోచిస్తున్నట్టు ఆలోచించి, అప్పుడు తీర్పు చెబుతారు. సరిపోయిందంటేనే జాడీకి గుడ్డతో వాసెన కడతాం. చిన్నప్పుడు మా అమ్మాయి స్టూలెక్కి, గరిటె పట్టుకుని, ఊపిరి బిగబట్టి ఆయన మొహంలోకే చూస్తూ నిలబడేది. తను ఉప్పు వేయకపోయినా, కారం కలపకపోయినా, ఆ పరీక్షేదో తనదే అయినట్టు.

పోయిన ఏడాది ఆకులు రంగు మారే రోజుల్లో అమ్మాయి ఫోన్ చేసింది. మొదటి నుంచి చివరిదాకా తను ఒక్కతే చూసుకున్న వైన్ సీసాల్లోకి దిగిందట. లాంగ్ వీకెండ్‌కి వచ్చి రుచి చూడమంది. ఫోన్ పెట్టేసే ముందు, "నాన్న కూడా" అంది. ఆయన కాసేపు పేపరు మడతలు సరిచేసి, "సరే, సరస్సు చూసినట్టు ఉంటుంది" అన్నారు. ఒంటారియో సరస్సు మన గుమ్మం ముందరే ఉంది కదండీ, దానికి విమానమెందుకు అని అడగబోయి నాలుక కరుచుకున్నాను. ఇంతలో మా వదినగారు "నేనూ వస్తా, దాని ఫ్యాక్టరీ చూస్తా" అని విన్నిపెగ్ నుంచి టికెట్ కొనేశారు. ఆవిడ దృష్టిలో అది బిస్కెట్ల ఫ్యాక్టరీ. విమానంలో మా ఆయన సేఫ్టీ కార్డును ఏదో కోర్టు పత్రం చదివినట్టు చదువుతూ కూర్చున్నారు.

కొండలు అచ్చం కడప వైపు కొండల్లాగే బోడిగా ఉన్నాయి. వాటి మధ్య పొడుగ్గా నీలంగా సరస్సు, దాని ఒడ్డు నుంచి పైదాకా ద్రాక్షతోటలు. టేస్టింగ్ రూమ్ బయట బెంచీ చూడగానే మా ఆయన "నేనిక్కడ కూర్చుంటా" అన్నారు. "ఇంత దూరమొచ్చి గుమ్మంలో కూర్చుంటావేంట్రా, రా" అని వదినగారు చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చారు. లోపల నానిన చెక్క వాసన, పండిన పళ్ల వాసన. బల్ల వెనకాల నల్ల ఏప్రన్‌లో మా అమ్మాయి. దాని గోళ్ల సందుల్లో వంకాయ రంగు, ఆవకాయ పెట్టిన వారమంతా నా గోళ్లలో పసుపూ కారం ఉండిపోయినట్టు. వదినగారు వరసగా పెట్టిన గ్లాసులు చూశారు, గోడవారగా ఉన్న పీపాలు చూశారు, తమ్ముణ్ని చూశారు. "ఏరా, ఫుడ్ టెక్నాలజీ అంటే ఇదట్రా?" అన్నారు. మా ఆయన కిటికీలోంచి సరస్సును చాలా శ్రద్ధగా చూశారు.

అమ్మాయి మొహం కొద్దిగా వాడింది గానీ పని ఆపలేదు. గ్లాసు తిప్పి, వాసన చూసి, నోట్లో పుక్కిలించి, పక్కనున్న మెరిసే గిన్నెలో ఉమ్మేయాలని నేర్పింది. "ఎంగిలి ఉమ్మడానికి ఇంత అందమైన గిన్నేమిటే!" అని వదినగారు ఆశ్చర్యపోయారు. ఆవిడ తాగలేదు, వాసన చూసి "నేరేడుపళ్లలా ఉందే" అని మెచ్చుకున్నారు. నేను మాత్రం ఉమ్మలేదు. కన్నకూతురు చెమటోడ్చి చేసిన దాన్ని గిన్నెలో ఉమ్మడమేమిటి, హాయిగా మింగాను.

చివరికి అమ్మాయి తన సీసా తీసి తండ్రి ముందు పెట్టింది. లేబుల్ మీద గుడ్డ కట్టిన జాడీ బొమ్మ. దాని కింద చిన్న అక్షరాల్లో, తయారుచేసినవారు అన్నచోట, మా అమ్మాయి పేరు, ఆ వెంటే మా ఇంటిపేరు. మా ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చదివారు. అమ్మాయి గ్లాసులో కాస్త పోసి, ఇంగ్లీషంతా పక్కనపెట్టి, "నాన్నా, ఉప్పు చూడు" అంది.

ఆయన గ్లాసు ముట్టుకోలేదు. మళ్లీ బయటి బెంచీ దగ్గరికి వెళ్లిపోతారేమో అనుకున్నాను. అంతలో కుడి అరచెయ్యి చాపారు, కింద ఎడమచెయ్యి ఆనించి, తీర్థం పట్టినట్టు. అమ్మాయి గ్లాసు వంచి నాలుగు చుక్కలు వేసింది. ఆయన నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నారు. నేను ఆయన్ని చూడలేదు, అమ్మాయిని చూశాను. స్టూలెక్కిన పిల్లే. "పులుపు కాస్త ముందుకొస్తోంది. ఇంకా ఊరాలి" అన్నారు ఆయన. తర్వాత కళ్లు తెరిచి, "ఉప్పు సరిపోయిందమ్మా" అన్నారు.

బల్ల అవతల ఉన్న పెద్దవయసు తెల్ల దంపతులు ఏమన్నారని అడిగారు. అమ్మాయి ఏప్రన్‌తో కళ్లు తుడుచుకుంటోంది. అప్పుడు మా ఆయనే వాళ్లవైపు తిరిగి, తోట చివరి వరసకు వినిపించేంత గట్టిగా, "మై డాటర్ మేడ్ దిస్ వైన్" అన్నారు. వదినగారు చప్పట్లు కొట్టారు. నాకు గర్వంతో ఒళ్లు పులకరించింది, కూతుర్ని చూసి కొంత, ఆయన్ని చూసి ఇంకొంత. ఆ సాయంత్రమంతా ఆయన లోపలికి వచ్చిన ప్రతివాళ్లకూ ఆ వాక్యమే చెప్పారు. అద్దెకారు తిరిగి ఇచ్చేచోట తాళాలు తీసుకునే కుర్రాణ్నీ వదల్లేదు.

ఆయన తన స్వెట్టర్‌లో చుట్టి తెచ్చిన ఆ సీసాను నెమ్మదిగా ఖాళీ చేసింది నేనే. గ్లాసులో పోసుకున్నప్పుడల్లా ఆయన వచ్చి అరచెయ్యి చాపేవారు. నిన్న కూడా ఆ పిల్లలిద్దరికీ టీ చల్లారిపోతున్నా సరే, సీసా వెలుతుర్లోకి తెచ్చి, వేలు పెట్టి, "ఇదిగో, ఇది మా ఇంటిపేరు" అని చూపించారు. ఆవకాయ ఊరడానికి మూడు రోజులు చాలు, వైన్‌కు ఏళ్లు పడుతుంది. ఆయన నోట ఆ ఒక్క మాట ఊరడానికి ఎంతకాలం పట్టిందో నేను లెక్కపెట్టలేదు గానీ, కిటికీలో ఆ లేబుల్ మీద ఎండ పడినప్పుడల్లా, ఎదురుచూసిన ఆ కాలంలో ఒక్క రోజు కూడా వృథా పోలేదనిపిస్తుంది.