మనా అంటే మనది కాదు

జగ్దల్‌పూర్‌లో మా వీధి చివర బళ్ళు అమ్మే షోరూం ఒకటి ఉంది. కొత్త బండి బయటికి వచ్చినప్పుడల్లా చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. ఎండకు కాగిన తారు మీద నలిగిన నిమ్మకాయ వాసన పుల్లగా, కాస్త చేదుగా, పొగతో కలిసి మా వరండా దాకా వస్తుంది. మనిషిని కాపాడేది బ్రేకు గాని నిమ్మకాయ కాదని నేను ఏళ్ళ తరబడి రాస్తున్నాను, ఇంకా రాస్తాను. ఆ వాసన ముక్కుకు తగిలినప్పుడు మాత్రం నాకు నా వాదన గుర్తు రాదు. సత్యవతి గారు గుర్తొస్తారు. ఆవిడ పోయి ఇన్నాళ్ళయినా చల్లారని అసూయ కూడా వెంటనే లేస్తుంది. గౌరవమని దానికి మంచి పేరు పెట్టవచ్చు. కాని గౌరవం ఇలా గుండెలో గుచ్చుకోదు.

మీరెవరూ ఆవిడను చూసి ఉండరు. బైలాడిలా కొండల కింద, ఇనుప గనుల మీద బతికే ఒక టౌన్‌షిప్‌లో మా బడికి ఆవిడ పెద్ద టీచరు. భర్త గని ఉద్యోగం వెంట పలాస వైపు నుంచి వచ్చారు. నేను ఆ బడిలో తెలుగు మాస్టర్ని. ఆవిడ పొట్టి మనిషి. ఎర్రదుమ్ము అంటకుండా కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని చరచర నడిచేవారు. గొంతు పెద్దది కాదు. సభలో మాట్లాడమంటే రెండు ముక్కలు చెప్పి కూర్చునేవారు. అప్పటికే నేను జగ్దల్‌పూర్ దాకా పేరున్న వక్తను. ఆ పోలికలో ఓడిపోయేది నేనని ఎవరైనా చెబితే ఆ రోజుల్లో నవ్వేవాణ్ణి.

మొదటి దెబ్బ తెలుగు సమాజం హాలులో తగిలింది. జాతకాల మీద వాదోపవాదం పెట్టారు. జాతకం శాస్త్రమేనని వాదించిన పెద్దమనిషిని నేను ముక్కలు ముక్కలు చేశాను. ఒకే ఘడియలో పుట్టిన కవలల్లో ఒకడు ఇంజనీరు, ఒకడు హమాలీ ఎలా అయ్యారని అడిగితే ఆయన చెమట తుడుచుకున్నాడు. హాలు చప్పట్లతో మోగింది. బయట చెప్పులు వేసుకుంటూ సత్యవతి గారు నన్ను పిలిచారు.

“బాగుంది నాయనా. నేనూ చప్పట్లు కొట్టాను. ఇప్పుడు వీళ్ళంతా ఇంటికెళ్ళి ఏటి చెయ్యాలి?”

“ఆలోచించాలండీ. అన్ని పనులకూ అదే మొదలు.”

“మొదలు చెప్పావు. రెండోది కూడా చెప్పు మరి.”

ఆవిడ వెటకారానికి అనలేదు, నిజంగానే జవాబు కోసం చూస్తూ నిలబడ్డారు. నేను బస్సు వేళయిందని వచ్చేశాను.

రిటైరయ్యాక ఆవిడ నగరపాలికకు మా వార్డు నుంచి నిలబడి గెలిచారు. పదవి పిచ్చి పట్టిందని కొందరన్నారు. అనని వాళ్ళలో నేను లేను. అలాంటి రోజుల్లోనే ఆసుపత్రి దారి గొడవ వచ్చింది.

మా ఆసుపత్రి గేటుకు ఎదురుగా, రోడ్డుకు అవతల పక్క, ఒక హనుమంతుడి గుడి ఉంది. మంగళవారం, శనివారం కొత్త బళ్ళన్నీ పూజకు అక్కడికే వచ్చేవి. ఖనిజం మోసే టిప్పర్లు, జీపులు, మోటారు సైకిళ్ళు రోడ్డుకు అడ్డంగా ఆగేవి. దండలు వెయ్యాలి, కొబ్బరికాయ కొట్టాలి, నిమ్మకాయలు తొక్కించాలి. అంతసేపూ ఆసుపత్రి గేటు మూసుకున్నట్టే. గేటు పక్కన ఆసుపత్రి వాళ్ళు పెట్టుకున్న హిందీ బోర్డు ఒకటి లేకపోలేదు: “యహాఁ గాడీ ఖడీ కర్‌నా మనా హై.” బండి ఆపడం కూడదని అర్థం. కొంటా వైపు నుంచి కొత్తగా వచ్చిన ఒక తెలుగు డ్రైవరు ఆ అక్షరాలు కూడబలుక్కుని, ‘గాడీ’ అంటే బండి, ‘మనా’ అంటే మన అని తేల్చుకుని, దర్జాగా ఆ బోర్డు కిందే బండి పెట్టాడట. అది ఊళ్ళో హాస్యమైంది. తరువాత హిందీ బాగా వచ్చినవాళ్ళు కూడా అదే పట్టుకున్నారు. బండి తియ్యమంటే, “ఏంది సారూ, మనా అనే రాసిండ్రు గద, మనదే,” అని నవ్వేవారు.

ఒక మంగళవారం కొండ కింది పల్లె నుంచి నొప్పులు పడుతున్న మనిషిని తెచ్చిన అంబులెన్సు ఆ బళ్ళ మధ్య ఇరుక్కుంది. గేటు కళ్ళముందే కనిపిస్తోంది. అయినా ఆమె బండిలోనే ప్రసవించింది. బిడ్డ చాలాసేపు ఏడవలేదు. డాక్టరమ్మ టిప్పర్ల సందులోంచి పరుగెత్తుకొచ్చింది కాబట్టి తల్లీబిడ్డా దక్కారు. ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర అంబులెన్సు డ్రైవరు సోమయ్య గ్లాసు పక్కన పెట్టి నాతో అన్నాడు.

“ముంగట టిప్పరు, ఎనక టిప్పరు. హారను కొడితే బాజా అనుకున్నరు సారూ. మల్లా మంగళారం నేను ఆ తొవ్వల రాను. ఇంకోసారైతే ఆ బిడ్డ దక్కది.”

నేను ఊరుకుంటానా? మూడు రోజులు కూర్చుని వ్యాసం రాశాను. ప్రాణమున్న మనిషిని నిలబెట్టి ప్రాణం లేని ఇనుముకు పూజ చేసే జాతి అని మొదలుపెట్టాను. పత్రిక దాన్ని మొదటి పేజీలోనే వేసింది. ఊరంతా చదివింది. తరువాతి మంగళవారం గుడి ముందు బళ్ళు రెట్టింపయ్యాయి. నిరుటి బళ్ళకు కూడా పంతం కొద్దీ పూజలు చేయించారు.

సత్యవతి గారు పత్రిక మడిచి చేత్తో పట్టుకుని మా ఇంటికి వచ్చారు. “బాగా రాశావు. ఇది చదివి ఎవడు బండి తీశాడు?”

“అయితే నోరు మూసుకోమంటారా?”

“ఎవరు మూసుకోమన్నారు? ఆ బోర్డుంది చూడు, అదీ నీ వ్యాసం లాంటిదే. అందులో ఉన్నది నిజమే. దాని వెనకాల ఎవరూ లేరు.”

అప్పుడు కూర్చోబెట్టి నాకు చెప్పారు. గేటు లోపలి దారి కంపెనీది, బయటి రోడ్డు ఊరిది. ఊరి రోడ్డు మీద బండి ఆపవద్దనే హక్కు ఆసుపత్రికి లేదు. ఆ బోర్డు చూపించి పోలీసు చలానా రాస్తే నిలవదు. దారికి అడ్డం తీయించే అధికారం నగరపాలికకుంది. బండ్లు ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఆగకూడదో అది తీర్మానం చెయ్యాలి, కలెక్టరు ఉత్తర్వు ఇవ్వాలి. అప్పుడు బోర్డు నోరు విప్పుతుంది. ఆగవద్దని చెప్పే ఊరు, ఆగడానికి చోటు కూడా చూపించాలి. ఇంత పొడి సంగతి ఆవిడ పులిహోర చేసే పద్ధతి చెప్పినంత ఇష్టంగా చెప్పారు. వింటూంటే నాకు ఒళ్ళు మండింది. మానవజాతి అజ్ఞానంతో నేను పోరాడుతుంటే ఈవిడ పార్కింగు గురించి మాట్లాడుతోంది అనుకున్నాను. అంతకంటే మండించిన సంగతి, ఆవిడ మాటలో నాకు ఒక్క తప్పూ దొరకకపోవడం.

గుడి వెనక పాత సంత మైదానం ఖాళీగా ఉండేది. ఆవిడ నన్ను వెంటబెట్టుకుని పూజారి దగ్గరికి వెళ్ళారు. రాయ్‌పూర్ వైపు మనిషి, తెలుగు నేర్చుకున్నాడు. నన్ను చూడగానే మొహం ముడుచుకున్నాడు.

“ఈ మాస్టర్జీ మా దేవుణ్ణి తిడతారు.”

“ఆయన అందర్నీ తిడతాడు, మీరొక్కరే అనుకోకండి. పంతులు గారూ, రోడ్డు మీద కొట్టిన కొబ్బరికాయ నీళ్ళు ఎక్కడికి పోతన్నాయి?”

“మురికి కాలవలోకి, మేడమ్‌జీ.”

“స్వామికి అది బాగుంటాదా? వెనకాల మైదానంలో అరుగు కట్టిస్తాం. నీడ వేయిస్తాం. మీరు అడిగితే నగరపాలికలో మా వాళ్ళు కాదనరు.”

ఆయన గడ్డం గోక్కున్నాడు. “దేవుడికి ముందేమిటి, వెనకేమిటి. నేనే అడుగుతాను.”

మెట్లు దిగుతూ నేను పోట్లాడాను. “మూఢనమ్మకానికి అరుగు కట్టిస్తారా, అదీ ఊరి డబ్బుతో?”

“నమ్మకంతో నువ్వు కొట్లాడు నాయనా, నేను ఆపను. ఆ కొట్లాట రోడ్డు మీద వద్దు. అక్కడ అంబులెన్సు రావాలి.”

ఆ అరుగు కట్టడం తప్పని నేను అప్పుడన్నాను, ఇప్పుడూ అంటాను. అయినా దారి ఖాళీ కావలసింది వచ్చే మంగళవారానికి. నా దగ్గరున్నది వచ్చే శతాబ్దానికి సరిపడే వాదన.

నగరపాలిక సమావేశం రోజున ఆహూతుడిగా మాట్లాడతానని అడిగాను. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి, “నువ్వు రాకు. నువ్వొస్తే అది దేవుడి గొడవైపోద్ది. నాకు రోడ్డు గొడవ చాలు,” అన్నారు. జీవితంలో నన్ను సభకు రావద్దన్నది ఆవిడ ఒక్కరే. నేను బయట కిటికీ దగ్గర నిలబడి విన్నాను. పూజారి ఇచ్చిన విన్నపాన్ని చదివి వినిపించారు. గుడి పేరు చెప్పి అడ్డు పడదామని సిద్ధమై వచ్చినవాళ్ళకు అడ్డు పడేందుకు ఏమీ మిగల్లేదు. సోమయ్యను పిలిచి ఆ మంగళవారం సంగతి చెప్పించారు. తీర్మానం అందరి ఒప్పుదలతో నెగ్గింది. తరువాత బోర్డు మీద మాటల దగ్గర పేచీ వచ్చింది.

“మళ్ళీ మనా అని రాస్తే మావాళ్ళు మళ్ళీ మనదే అంటారు,” అని ఒక తెలుగు సభ్యుడన్నాడు. హిందీ వాళ్ళు కూడా నవ్వారు. నిషేధం, ఉల్లంఘన, శిక్షార్హం అన్న మాటలతో నేను ఆవిడకు ముందే పెద్ద పేరా రాసిచ్చి ఉన్నాను. అది బయటికి తీస్తారని కిటికీ ఊచలు పట్టుకుని చూశాను.

ఆవిడ తియ్యలేదు. “మనదని గదా అంటన్నారు. అయితే ఎవరిదో చెప్పేద్దాం,” అన్నారు. హిందీలో చట్టం మాట ఎలాగూ ఉంటుంది, కింద తెలుగులో ఇది రాయించమన్నారు: “ఈ దారి అంబులెన్సుది.”

కిటికీ బయట నాకు మొహం వేడెక్కింది. ఊరు నెలల తరబడి నవ్వుకున్న హాస్యానికి మూడే మాటల్లో జవాబు. తిట్టు లేదు, వాదన లేదు, బెదిరింపు లేదు. చదివిన మనిషి చెయ్యవలసిన పని ఆ మాటల్లోనే ఉంది. భాష నా వృత్తి. ఆ వాక్యం నాకు రావాలి. రాలేదు. రోడ్ల సంగతులు చూసుకునే మనిషికి వచ్చింది.

ఉత్తర్వు వచ్చింది. బోర్డు నిలిచింది. మొదటి వారం పోలీసు నిలబడ్డాడు, తరువాత అవసరం లేకపోయింది. మంగళవారం టిప్పర్లు తమంతట తామే మైదానం వైపు తిరిగేవి. సోమయ్య అంబులెన్సు హారను కూడా కొట్టకుండా గేటులోకి వెళ్ళిపోయేది. ఎవడైనా కొత్తవాడు అక్కడ ఆపితే పక్కనున్న వాళ్ళే, “ఓ అన్నా, అది నీది గాదు,” అనేవారు. అది ఎవరు రాసిన వాక్యమో వాళ్ళకు తెలియదు. తెలియజెయ్యాలని ఆవిడకు తోచనూ లేదు. నా పేరు లేకుండా ఒక్క పేరా అచ్చయినా నేను పత్రిక ఆఫీసు మెట్లెక్కే మనిషిని.

కిందటేడు నా వ్యాసాలన్నీ ఒక సంపుటంగా వేశారు. వెనక అట్ట మీద వెయ్యడానికి మీకు బాగా ఇష్టమైన వాక్యం ఒకటి చెప్పండని ప్రచురించే కుర్రవాడు ఫోన్ చేశాడు. మీదే అయి ఉండాలి సార్ అని కూడా అన్నాడు. రెండు రోజులు గడువు అడిగి, పుస్తకమంతా తిరగేశాను. మంచి వాక్యాలే ఉన్నాయి. ఒక్కొక్కటీ పైకి చదువుకుని, దీన్ని చదివి ఎవరైనా ఎక్కడైనా ఒక అడుగు పక్కకు జరిగారా అని చూసుకున్నాను. మూడోరోజు ఫోన్ చేసి, ఏమీ వెయ్యవద్దని చెప్పాను. పుస్తకం బాగానే వచ్చింది. వెనక అట్ట ఖాళీగా ఉంది.