ఎవరిదీ కాని ట్యాంకు

మా వదిన పని ఫ్యాక్టరీలు కట్టడం కాదు, కట్టకముందే వాటిని బల్ల మీద పరిచి చూడటం. ఖాళీ స్థలం పటం మీద బాయిలరుకొక అట్టముక్క, ట్యాంకుకొక గుండ్రటి అట్టముక్క పెట్టి అటూ ఇటూ జరుపుతుంది. "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది వదినా నీ ఉద్యోగం" అని నేను ఏడిపిస్తే, "ఇప్పుడైతే బాయిలర్ని వేలితో జరపొచ్చు నాయనా. కట్టాక జరపాలంటే దేవుడు దిగిరావాలి" అంటుంది.

ఆ ముక్కల్లో ఒకదానికి మాత్రం ఎప్పుడూ చోటు దొరకదు. పనిచేసే ఆడవాళ్లు కాసేపు కూర్చునే గది అది. వదిన షెడ్డు పక్కనే పెడుతుంది. పైపులవాళ్లు కాస్త జరుపుతారు, కరెంటువాళ్లు ఇంకాస్త జరుపుతారు, చివరికి గేటు దగ్గర సైకిళ్ల పక్కన తేలుతుంది. వదినకు ఒళ్లు మండిపోతుంది. వాళ్లమ్మ నూలు మిల్లులో పనిచేసినన్నాళ్లూ బాయిలరు గది వెనక ఓ మూలన కూర్చునే అన్నం తిన్నది మరి.

ఒక సబ్బుల ఫ్యాక్టరీ పటంలోనైతే ఆ ముక్క మొదట్లోనే ఎగిరిపోయింది. "స్థలం లేదమ్మా" అనేశారు వాళ్ల ఆఫీసు పెద్దసారు. ఆ దిగులులో వదిన బల్ల దగ్గరే తిని, క్యారేజీలోని చిన్న గిన్నె మూత పటం మీద మరిచిపోయి ఇంటికొచ్చేసింది. మర్నాడు డ్రాయింగులు గీసే పెద్దాయన అట్టముక్కలతోపాటు దాని చుట్టూ కూడా శ్రద్ధగా గీత గీశాడు. స్టీలుదైతేనేం, గుండ్రంగా ఉంది కదా, ట్యాంకే అనుకున్నాడు.

వదిన గమనించేసరికి పటం అన్ని విభాగాలూ తిరిగొచ్చింది. పేరు లేని ట్యాంకు పక్కవాళ్లదై ఉంటుందని ఎవరికి వాళ్లు మర్యాద చేశారు. అగ్నిప్రమాదాల సంగతి చూసేవాడు చుట్టూ దారి వదిలాడు. కరెంటాయన దీపం పెట్టాడు. పైపులాయన ఎందుకైనా మంచిదని నీళ్ల పైపు లాగాడు. మనుషుల గదిని తరిమేసిన మహానుభావులు గిన్నె మూతకు రాజభోగాలు అమర్చారు! వదిన బల్ల మీదే ఉండిపోయిన మూత కడిగి సంచిలో వేసుకుంది. పటం మీది గీత జోలికి మాత్రం పోలేదు.

ఆఖరి సమావేశంలో పెద్దసారు కళ్లజోడు పైకి తోసుకుని, "ఈ ట్యాంకు ఎవరిదయ్యా?" అని అడిగారు.

పైపులాయన కరెంటాయన వంక చూశాడు. కరెంటాయన పైకప్పు వంక చూశాడు. గుమ్మడికాయల దొంగ అంటే అందరూ భుజాలు తడుముకున్నారు.

"ఎవరిదీ కాదంటే స్థలం ఉన్నట్టే కదండీ" అంది వదిన. "నీళ్లున్నాయి, దీపముంది, దారి కూడా ఉంది. ఆడవాళ్ల గది పెట్టేద్దాం."

కాదనాలంటే లేని ట్యాంకుకు పైపెందుకు వేశారో చెప్పాలి. "భేషుగ్గా ఉంటుంది" అన్నారందరూ. గీత మారిస్తే మళ్లీ అందరి సంతకాలూ కావాలని డ్రాయింగుల పెద్దాయన దాన్ని గుండ్రంగానే ఉంచేశాడు. గదిని కూడా అలాగే కట్టారు.

ఫ్యాక్టరీ తెరిచిన రోజు వదిన వాళ్లమ్మను వెంటబెట్టుకొచ్చింది. నేనూ వెళ్లాను. ఆవిడ లోపలికొచ్చి, గోడ పట్టుకుని నడిచి నడిచి, మళ్లీ గుమ్మం దగ్గరికే వచ్చింది.

"ఏంటే ఇది, ఒక్క మూలైనా లేదు. నేనెక్కడ కూర్చోను?"

ఎప్పుడూ మాటకు మాట అప్పజెప్పే మా వదిన ఈసారి ఓ కుర్చీ తెచ్చి గది నడిమధ్యన వేసింది.