అక్క కవితలో నా డప్పు

పోయిన శుక్రవారం అక్క కూతురు ఫోన్ చేసింది. "అమ్మ వెళ్ళిపోయింది మావయ్యా. నా ఒళ్ళోనే, నిద్రలో పోయింది. బాధేం పడలేదు" అంది. అస్కర్‌లోని మా లేబర్ క్యాంపులో మంచం మీద కూర్చుని ఏడ్చాను. అయినా మనసు తేలికపడింది. జబ్బు ముదిరినప్పుడు, ఈ బహ్రెయిన్‌లోనే ఎవరూ లేకుండా పోతానేమోనని అక్క భయపడేది. ఆమె కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, మంచివాడు, ఆలస్యం చేయకుండా ఇంటికి పంపించాడు.

ఆమె నాకు తోడబుట్టినది కాదు. గోదావరి వైపు మనిషి, ఇక్కడ రిఫాలో ఒక ఇంట్లో వంట చేసేది. నేను జగిత్యాల వైపు వాణ్ణి, ఫ్యాక్టరీలో పరంజాలు కడతాను. ఆమెది చర్చి, నాది గుడి. కానీ రెండు ఊళ్ళలోనూ మా వాళ్ళ ఇళ్ళు ఊరికి ఎడంగానే ఉంటాయి. మమ్మల్ని అక్కాతమ్ముళ్ళను చేసింది అదే.

అక్క ఉల్లిపాయలు తరుగుతూ కవితలు కట్టి, ఫోన్‌లో రికార్డు చేసి దాచుకునేది. "చేతులకి పనుందని నోరు మూసుకుంటామేంట్రా?" అనేది.

ఒకసారి తెలుగువాళ్ళ సభకు ఆమెను కవిత చదవమన్నారు, నన్ను డప్పు కొట్టమన్నారు. తేమకు మెత్తబడిన డప్పును కారు బానెట్ మీద ఎండబెట్టి తెచ్చాను. నిర్వాహకుల్లో ఒకాయన గుమ్మంలోనే ఆపాడు.

"గేటు దగ్గర కొట్టు చాలు. చావుకి కొట్టేది స్టేజీ మీదెందుకు?"

డప్పు సంచిలో పెడుతుంటే అక్క చూసింది. జరిగింది చెప్పాను. "పోదాం పా అక్కా, లొల్లెందుకు?" అన్నాను.

"ఉండరా. నా వంతు రానీ."

అమ్మ భాష మీద కట్టిన కవిత పక్కన పెట్టి, అప్పటికప్పుడు ఇలా చెప్పింది:

"ఈ డప్పు మోగితేనే మా వాడలో పెళ్ళి,
ఈ డప్పు మోగితేనే మా బిడ్డకు పేరు.
నా తమ్ముడి వేళ్ళు మీకు అంటరానివైతే
వాడి దరువుకు మీ కాళ్ళెందుకు ఆడతాయి?"

ఆ నిర్వాహకుడు మైకు దగ్గరికి వచ్చాడు. "ఇక చాలమ్మా" అన్నాడాయన.

"అవలేదండీ. మిగతాది మా తమ్ముడు వాయిస్తాడు. రారా!"

సంచిలోంచి డప్పు తీసి స్టేజీ ఎక్కాను. మొదటి దెబ్బకే వెనక వరసల్లోంచి క్యాంపు వాళ్ళ ఈలలు. కాసేపటికి ముందు వరసలో ఒక పెద్దావిడ లేచి అడుగు కలిపింది. ఆయన క్షమాపణ చెప్పలేదు. మరుసటి ఏడు మాత్రం ఆహ్వానపత్రంలో డప్పు పేరు అచ్చయింది, నా పేరుతో సహా.

ఆ రోజు సభ అయ్యాక పార్కింగ్‌లో అక్క డప్పు అడిగి భుజాన వేసుకుంది. పుల్లలు పట్టడం రాదు, తాళం తప్పుతోంది. కొంగు నడుముకు దోపుకుని, తన తప్పుడు దరువుకు తనే పడీపడీ నవ్వుతూ, కార్ల మధ్య గుండ్రంగా తిరుగుతోంది.