ఉడుత పాలు మానిన వారం

సీసాల కార్ఖానాలో ఆమెను అందరూ డేగ అనేవారు, ముద్దుగానే. తెల్లటి దీపపు తెర ముందు నుంచి సీసాలు వరసగా నడిచిపోతుంటాయి. వాటిలో వెంట్రుకంత పగులున్నదాన్నీ ఆవగింజంత బుడగ ఉన్నదాన్నీ కనిపెట్టి, మెడ పట్టి పక్కకు లాగడం ఆమె పని. ఆ బల్ల దగ్గర అరగంట కూర్చుంటే కళ్లు మంటలెత్తుతాయి గనక, ఆడవాళ్లు అరగంట చూసి, అరగంట అట్టపెట్టెలు సర్ది, మళ్లీ వచ్చి కూర్చునేవారు. ఆ పనికి వాళ్లు పెట్టుకున్న పేరు ‘చూపు’. “అక్కా, నీకు చూపెప్పుడే?” “ఇప్పుడే దిగాను తల్లీ, కనుగుడ్లు పెట్టెలో పెట్టుకొచ్చాను” అని నవ్వుకునేవారు.

ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా ఆమె పని. అదే కార్ఖానాలో కొలిమి దగ్గర, సాయంత్రం ఆరు నుంచి ఉదయం ఆరు దాకా ఆమె భర్త పని. ఆలుమగలు కలుసుకునేది గేటు దగ్గరే, రెండు నిమిషాలు.

“పాపెలా ఉంది?” అని సాయంత్రం ఆమె అడిగేది.

“బాగుంది. పొద్దున నా గుండెల మీదే పడుకుంది. చొంగ కార్చి చొక్కా తడిపేసింది.”

ఆ చొక్కా వంక ఆమె ఒక్క క్షణం చూసి బస్సుకు పరుగెత్తేది.

ఆ పాపకు తొమ్మిదో నెల. ఏది దొరికినా రెండు చేతులా పట్టుకుని వదలదు గనక ఇంట్లో ఉడుత అనేవారు. తల్లి నాలుగున్నరకు బస్సెక్కేటప్పుడు ఉడుత నిద్రలో ఉండేది. రాత్రి ఏడున్నరకు తల్లి గుమ్మం తొక్కేసరికి మళ్లీ నిద్రలోకి జారిపోయేది. సెలవురోజు తప్ప ఎండ వెలుగులో ఆ ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నది లేదు.

అందుకేనేమో, ఉడుత రాత్రిపూట లేచేది. పదింటికి ఒకసారి, ఒంటిగంటకు ఒకసారి, మూడింటికి మరోసారి. పాలు తాగుతూ ఒక చేత్తో తల్లి గడ్డం తడుముతూ ఉండేది. తల్లి ఆ చీకట్లోనే కబుర్లు చెప్పేది. “ఇవాళ నీలం సీసాలొచ్చాయే, మందు సీసాలు. నీ వేలంత ఉన్నాయి.” ఉడుత తాగడం ఆపి విని, ఒకసారి నిట్టూర్చి, మళ్లీ మొదలుపెట్టేది. భగవంతుడు ఆ తల్లీబిడ్డలకు పగలు ఇవ్వకపోయినా రాత్రిలో మూడు ముక్కలు కోసి ఇచ్చాడు. ఆ ముక్కల విలువ ఆమెకు అప్పుడు తెలియలేదు. నిద్ర కరువైన మనిషికి నిద్ర తప్ప ఇంకేదీ కనపడదు కదా.

ఇక అత్తగారి సంగతి. పెద్దకొడుకు ఇంట్లో ఇమడలేక, ఒక చేతిసంచీతో ఈ గదికి వచ్చిన ముసలమ్మ. ‘ఊరికే తింటున్నావు’ అని ఎవరూ అనకపోయినా ఆ మాట ఆవిడకు ఎప్పుడూ వినిపిస్తూనే ఉండేది. కోడలు “తలుపు కిర్రుమంటోంది” అంటే సాయంత్రానికి బందుల్లో నూనె చుక్క పడేది. “చెప్పు తెగేలా ఉంది” అంటే తెల్లారేసరికి కుట్టి గుమ్మంలో పెట్టి ఉండేది. మంచి మనిషి. కాకపోతే కోడలి నోట వచ్చే గొణుగుడుకూ కోరికకూ ఆవిడకు తేడా తెలిసేది కాదు.

ఒకరోజు పగిలిన సీసాలు మూడు ఆమె కళ్లు దాటి వెళ్లిపోయాయి. సూపర్‌వైజరు వాటిని తెచ్చి బల్ల మీద పెట్టి, “ఏం డేగా, రెప్ప పడుతోందా? ఇంకోసారైతే ఊడ్చే పనికి పంపిస్తా” అన్నాడు. ఆ రాత్రి అన్నం కంచం ముందు కూర్చుని కునుకుతూ ఆమె అంది:

“ఈ ఉడుత రాత్రి పాలు ఎప్పుడు మానుతుందో, నేనెప్పుడు కడుపునిండా నిద్రపోతానో!”

అత్తగారు కంచం తీసి కడిగి బోర్లించింది.

మర్నాటి నుంచి ఉడుతకు రోజూ పొద్దుగూకే వేళ చిక్కటి జావ పట్టింది. వెనక వంటింట్లో తన పక్కన పడుకోబెట్టుకుంది. కోడలు తిని వాలగానే రాయిలా నిద్రపోయింది. తెల్లవారుజామున నాలుగింటికి ఉలిక్కిపడి లేచేసరికి రవిక తడిసి ముద్దయింది.

“అత్తయ్యా! పాప లేవలేదా?”

“లేదమ్మా. నీ బస్సు టైమవుతోంది, వెళ్లు.”

రెండో రాత్రీ అంతే, మూడో రాత్రీ అంతే. ఆమె కళ్లు తేటపడ్డాయి. దారపు పోగులాంటి పగులు కూడా దొరికిపోతోంది. బల్ల దగ్గర అందరూ వినేలా, “మా ఉడుత మానేసిందే! తనంతట తనే!” అని చెప్పుకుంది. పెట్టెలు సర్దే అక్క, “నా పెద్దాడు రెండేళ్లదాకా నా మెడ వదల్లేదు, నీది బంగారు తల్లే. మా వాడికిప్పుడు మీసాలొచ్చాయి, అర్ధరాత్రి లేచి కుండలో అన్నం తింటున్నాడు” అంది. అందరూ పగలబడి నవ్వారు. సూపర్‌వైజరూ నవ్వాడు.

పాలు గడ్డకట్టి రెండు రోజులు సలిపింది. మధ్యాహ్నం విరామంలో స్నానాలగదిలో గోడకు ఆనుకుని పిండి పారబోసుకుంది. నాలుగో రోజుకు సలుపు తగ్గింది. అయిదో రోజుకు పిండడానికి ఏమీ రాలేదు. గాయమూ మానుతుంది, పాలూ మానుతాయి. మనకు రెంటికీ ఒకటే మాట. తనకేదో బాగవుతోందనే ఆమె అనుకుంది.

సెలవురోజు వచ్చింది. పొద్దున్నే ఉడుతను ఒళ్లోకి తీసుకుని రవిక సర్దుకుంది. ఉడుత ఒకసారి నోరు పెట్టింది. ముఖం తిప్పేసుకుంది. మళ్లీ పెడితే కెవ్వుమని ఏడ్చి, రెండు చేతులూ చాచింది, నాయనమ్మ వైపు. ముసలమ్మ ఎత్తుకోగానే నోరు మూసుకుంది.

“ఏమిటత్తయ్యా ఇది? వారం కిందట నన్ను వదిలేది కాదే.”

“మాన్పించేశానుగా!” ముసలమ్మ ముఖం వెలిగిపోయింది. “నువ్వన్నావు కదా, ఎప్పుడు మానుతుందో అని. మొదట్లో గోల చేసిందిలే. నాలుగు రాత్రులు భుజాన వేసుకుని వంటింట్లోనే తిరిగాను. నీ చెవిన పడితే లేస్తావని తలుపేసి, దాని నోరు నా భుజానికి అదిమి పట్టుకున్నాను. చెంచాతో నీళ్లు పోశాను. నీకోసం చాలా వెతికిందమ్మా. తలుపు వైపే చూసేది. ఇప్పుడు చూడదు.”

కోడలి నోటి దాకా ఒక కేక వచ్చింది. అప్పుడే ముసలమ్మ కళ్లు చూసింది. నిద్రలేక ఎర్రబడి, కింద నల్లగా ఉబ్బి ఉన్నాయి. చీర జారినచోట భుజం మీద చిన్న పళ్ల గుర్తులు కనపడుతున్నాయి.

“మీరు పడుకోండత్తయ్యా, కాసేపు” అంది.

ఆ మధ్యాహ్నమే టీకాలు వేసే నర్సమ్మ దగ్గరకు పరుగెత్తింది. నర్సమ్మ కుర్చీ చూపించి, మంచినీళ్లిచ్చి, అంతా విన్నది.

“కొందరు ఆరు నెలలకే రాత్రి పాలు మానతారు. కొందరు ఏడాది దాటినా లేస్తారు. పగలు తల్లి దగ్గర లేని బిడ్డ, ఆ లోటు రాత్రి తీర్చుకుంటుంది. నీ బిడ్డకది దురలవాటు కాదమ్మా, ఆకలి. నీ ఒంటికీ ఆ రాత్రి పాలే ఆధారం. అడిగే నోరు ఉంటేనే పాలు వస్తాయి.”

“మళ్లీ రావా?”

“రావచ్చు. నాలుగైదు రోజులు పగలూ రాత్రీ ఒంటికి ఆనించుకుని ఉంచు. పట్టుకుంటే పట్టుకుంటుంది. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది.”

మర్నాడు పని మొదలుకాకముందే సూపర్‌వైజరు ముందు నిలబడి అయిదు రోజులు సెలవడిగింది.

“దేనికి?”

“పాపకు పాలివ్వాలండీ.”

“మానేసిందన్నావుగా? నా చెవులతో విన్నాను. అందరికీ చెప్పుకున్నావు కూడా.” ఆయన కఠినుడేమీ కాదు, నిజంగానే అర్థంకాక అడిగాడు. “మానిన పిల్లకు సెలవేమిటి? మందు సీసాలు నెలాఖరు దాకా ఆగకుండా వస్తాయి. నీ అంత చూపు ఇంకెవరికుంది? పోనీ వచ్చే నెల చూద్దాం.”

ఆ సాయంత్రం గేటు దగ్గర భర్తకు చెప్పబోయింది. “పోన్లేవే, మంచిదేగా, నీకు నిద్ర దొరికింది” అన్నాడతను, ఎంత కడిగినా కొలిమి మసి వదలని చేత్తో ఆమె తల నిమిరి. రెండు నిమిషాలు అయిపోయాయి.

ఆ రాత్రి ఉడుతను తన పక్కన పడుకోబెట్టుకుంది. పదింటికి తనే లేచింది. ఉడుత లేవలేదు. మెల్లగా తట్టింది, పేరు పెట్టి పిలిచింది, పెదవులకు ఆనించింది. ఉడుత నిద్రలోనే ముఖం చిట్లించి అటు తిరిగింది. ఒంటిగంటకు మళ్లీ లేపబోతే గుక్కపట్టి ఏడ్చింది. వంటింట్లోంచి ముసలమ్మ కంగారుగా వచ్చి, “ఇలా ఇవ్వమ్మా, నీ నిద్ర పాడవుతుంది” అని ఎత్తుకుంది. పది రాత్రులు ఇదే వరస. పదకొండో రాత్రి ఆమె లేపలేదు. మెలకువ మాత్రం వచ్చింది, పదింటికి, ఒంటిగంటకు, మూడింటికి. దేవుడా, ఒక్కసారి దానికి ఆకలి వెయ్యనీ అని మొక్కుకుంది. బిడ్డకు ఆకలి వెయ్యాలని మొక్కిన తల్లిని దేవుడు క్షమిస్తాడా అని వెంటనే లెంపలు వేసుకుంది.

నెలాఖరుకు సెలవు దొరికింది. పాలు మాత్రం ఒక్క చుక్క రాలేదు.

తర్వాత ఒక తెల్లవారుజామున ఉడుత ఎందుకో ముందే లేచింది. తల్లి చెప్పులు వేసుకుంటుంటే నాయనమ్మ చంకలో గుమ్మం దాకా వచ్చింది.

“అమ్మకు టాటా చెప్పవే, నేను నేర్పానుగా!”

ఉడుత చెయ్యి ఊపింది. నాలుగు పళ్లూ కనిపించేలా నవ్వింది. అప్పుడే సైకిలు మీద వెళ్తున్న పేపరతనికీ ఊపింది, అదే నవ్వుతో.

“ఎంత అదృష్టవంతురాలివి!” అంది పక్కగది ఆవిడ, తన బకెట్టు కింద పెట్టి. “మా వాడైతే నేను గడప దాటితే చాలు, వీధంతా లేపేవాడు.”

ఆమె నవ్వి నాలుగడుగులు వేసింది. ఏడుపు వినపడుతుందేమోనని కాసేపు ఆగింది. వీధి చివర బస్సు హారన్ కొట్టింది. అప్పుడు వెనక్కి తిరిగి చూసింది. ఉడుత వీధిదీపం చుట్టూ తిరుగుతున్న పురుగులను చూస్తోంది.