గరిష్ఠం గారి ఖాళీ గడి

గరిష్ఠం గారి లోపల మొత్తం ఎంత నవ్వు ఉండేది? ఈ ప్రశ్నకి ఇప్పటికీ జవాబు దొరకలేదు. బయటికి వచ్చినవి మాత్రం ఎప్పుడూ మూడు 'హ'లే. ఎంత పెద్ద జోకు వేసినా "హ, హ, హ" అని, నాలుగోది గొంతు దాటేలోపే పెదాలు మూసేసేవారు. లోకంలో ప్రతిదానికీ ఒక గరిష్ఠ పరిమితి ఉండి తీరాలని ఆయన పట్టుదల. చేసే ఉద్యోగం అలా ఒంటికి పట్టేసింది.

ఆ ఉద్యోగం, ఆన్‌లైన్‌లో బొంతలూ దిండ్లూ అమ్మే ఒక దుకాణంలో. మేడమీద ఒకటే గది. పక్క కుట్టుగదిలోంచి దూది నూగు తేలుకుంటూ వచ్చి, కిటికీ ఎండలో కాసేపు తిరిగి, కంప్యూటర్ల మీద వాలి నిద్రపోయేది. మధ్యాహ్నం మూడయ్యేసరికి అక్కడున్నవాళ్ళకి తాము మెలకువగా ఉన్నామో కలగంటున్నామో అనుమానం వచ్చేది. యజమాని "నలభై శాతం తగ్గింపు" అని ఏనుగంత అక్షరాల్లో ప్రకటించేవాడు. దాని కింద గరిష్ఠం గారు చీమంత అక్షరాల్లో "గరిష్ఠంగా నాలుగు వందలు" అని చేర్చేవారు. కొనేవాళ్ళు ఫోన్ చేసి తిట్టేవాళ్ళు. ఆ తిట్లు తినే పిల్లని అందరూ జవాబులమ్మాయి అనేవారు.

"టీలో చక్కెర ఎంత వెయ్యమంటారు బాబాయ్ గారూ?" అని ఆ పిల్ల అడిగితే, "నీ ఇష్టమమ్మా. గరిష్ఠంగా ఒక చెంచా."

ఇంటినుంచి వాళ్ళావిడ ఫోన్ చేసి "ఇవాళైనా పెందలాడే వస్తారా?" అంటే, "నువ్వెంత పెందలాడే రమ్మంటే అంత. గరిష్ఠంగా పావుగంట."

కుట్టుగది అక్క కొత్త బొంత పట్టుకొచ్చి "కుట్టు ఎలా ఉందన్నయ్యా?" అంది ఒకసారి.

"అద్భుతం!" అని, ఒక్క క్షణం ఆగి, "గరిష్ఠంగా, బాగుంది" అన్నారు.

"నీ మెప్పు కూడా డిస్కౌంటులోనే ఇస్తావేం!" అని ఆవిడ బొంత చుట్టుకుని విసవిసా వెళ్ళిపోయింది.

వీటన్నిటినీ మించింది జీతం సంగతి. యజమాని పదిహేను శాతం పెంచితే, ఆ కాగితం అడుగున కూడా ఈయనే ఒక పరిమితి రాసిచ్చారు.

"మీ జీతానికి మీరే కత్తెర వేసుకుంటారేంటండీ?"

"అలవాటు. మిగిలింది ఆఫర్ల పద్దులో వేయించండి."

యజమాని పొట్ట పట్టుకుని నవ్వి, అలాగే వేయించి, ఆ మాట మరిచిపోయాడు.

ఆయన ఒకే ఒక్కసారి సెలవు పెట్టారు. ఆ రోజు యజమాని తనే ఆఫర్ పెడుతూ పరిమితి గడిని ఖాళీగా వదిలేశాడు. ఖాళీ అంటే కంప్యూటర్ దృష్టిలో హద్దు లేదని. పది కొట్టేసరికి ఏదో హోటల్ వాళ్ళు రెండు వందల బొంతలు ఊడ్చుకుపోయారు. ఒక్క బొంత కోసం వచ్చినవాళ్ళకి వారం రోజులు క్షమాపణలు చెప్పి చెప్పి జవాబులమ్మాయి గొంతు పోయింది.

సెలవు నుంచి వచ్చిన గరిష్ఠం గారు ఒకటే అన్నారు. "తగ్గింపు కూడా దుప్పటిలాంటిదేనమ్మా. ఒకళ్ళు మొత్తం లాగేసుకుంటే పక్కవాళ్ళ కాళ్ళు బయటపడతాయి."

ఆయన రిటైరయ్యే రోజు రానే వచ్చింది. ఆ ఉదయం, నాలుగు నెలలుగా ఒకే బొంత ధర అడుగుతున్న టీచరమ్మ మళ్ళీ ఫోన్ చేసింది.

"అమ్మాయీ, మా ఆయన జబ్బుపడి లేచినప్పట్నించీ ఎంత కప్పినా వణుకుతూనే ఉన్నారు. ఆ పెద్ద బొంతే కావాలి. నిజంగా నలభై శాతం తగ్గిస్తే కొనగలను. మీ నాలుగు వందలతో నావల్ల కాదు. ఆఫర్ ఇవాళ్టితో సరి కదూ?"

"నేను చూస్తానుండండి టీచర్ గారూ" అనేసింది జవాబులమ్మాయి, చూడ్డానికి తన చేతిలో ఏమీ లేకపోయినా. తిన్నగా గరిష్ఠం గారి ముందుకెళ్ళి నిలబడింది.

"ఈ ఒక్కావిడకీ పరిమితి తీసెయ్యండి బాబాయ్ గారూ."

"ఆ ఆఫర్‌లో ఒకరికి తీస్తే అందరికీ తీసినట్టే. హోటల్ వాళ్ళని మరిచిపోయావా?"

"చివరి రోజైనా మీ మనసు కరగదా?"

"కరుగుతుందమ్మా. గరిష్ఠంగా..."

"చెప్పకండి!" అని చెవులు మూసుకుని వచ్చేసింది. ఆ పూట ఆయనకి టీలో చక్కెరే వెయ్యలేదు. ఆయన ఆ చేదుని చివరి చుక్కదాకా తాగారు.

నాలుగింటికి, ఇక తప్పదని, జవాబులమ్మాయి టీచరమ్మకి ఫోన్ కలిపింది. "టీచర్ గారూ, ఏమీ అనుకోకండి..."

"అనుకోవడమేంటే పిచ్చిపిల్లా, కొనేశాను! కూపన్ పంపారుగా. 'కాళ్ళు కప్పుకోండి' అట దాని పేరు! నలభైకి నలభై శాతమూ తగ్గింది."

ఆ పిల్ల గబగబా కూపన్ల జాబితా తెరిచింది. పరిమితి గడి ఖాళీగా ఉంది. గరిష్ఠం గారి చేత్తో, ఖాళీగా! దాని కింద గడిలో, ఎన్నిసార్లు వాడవచ్చు అన్నచోట మాత్రం, "గరిష్ఠంగా ఒకసారి" అని ఉంది. ఇంకా కిందికి జరిపింది. నెలకొకటి చొప్పున, ఏళ్ళ తరబడి, ఎవరెవరో కాళ్ళు కప్పుకున్న కూపన్లు. అన్నిట్లోనూ అదే ఖాళీ, అదే ఒకసారి. ఖర్చు దగ్గర ఒకటే మాట: "నా జీతం పెంపులో మిగిలింది."

"బాబాయ్ గారూ!" అని వెనక్కి తిరిగింది. కుర్చీలో దూది నూగు తప్ప ఎవరూ లేరు. రోజూ ఆ కుర్చీకి వేలాడే ఆయన గొడుగూ లేదు. వెళ్ళొస్తానన్న మాటకి ఆయన పెట్టుకున్న గరిష్ఠం సున్నా కాబోలు.

కిటికీ దగ్గరికి పరుగెత్తింది. కింద వీధిలో గొడుగు చంకలో పెట్టుకుని ఆయన నడిచి వెళ్తున్నారు. వెనకనుంచి భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. నవ్వుతున్నారు! ఆ పిల్ల లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు... నాలుగు. ఐదు. తొమ్మిది. పదకొండు దాకా వచ్చాక ఆయన మలుపు తిరిగారు.