రోడ్డు టైర్లంటే ఏ రోడ్డు మీద?

కప్పు పోయిందని కాదు నా కోపం. కాదని అంటున్నాను గానీ, అబద్ధమెందుకు, అదీ ఉంది.

మా పోటీ సంగతి చాలామందికి తెలియదు. అన్నోజిగూడ దాటాక మూతపడ్డ గోదాం ముందు పెద్ద సిమెంటు నేల ఉంది. దాని మీద ప్లాస్టిక్ కోన్లు పెట్టి మలుపుల దారి వేస్తారు. ఒక్కో కారు ఒంటరిగా వెళ్లి రావాలి. తక్కువ సమయంలో వచ్చినవాళ్లు గెలిచినట్టు. రేసు టైర్లు నేలను జిగురులా పట్టుకుంటాయి కాబట్టి, మామూలు రోడ్డు టైర్లతో వచ్చేవాళ్లకు సమయంలో కొంత రాయితీ ఇస్తారు. న్యాయమైన ఏర్పాటే. అది ఉండబట్టే నా పాత చిన్న కారుతో కప్పు మీద ఆశ పెట్టుకోగలిగాను.

నేను నాచారంలో ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ సెక్షన్‌లో పనిచేస్తాను. ఉప్పల్ నుంచి రోజూ ఆ కారులోనే వెళతాను. గుంతలు, కంకర, లారీలు కార్చిన నూనె, అన్నీ నా టైర్లకు తెలుసు. ఒకదానికి పంక్చరు కూడా వేయించాను. ఈ ఏడాది చివరి పోటీకి వచ్చేసరికి కప్పుకు ఇద్దరమే మిగిలాం, నేనూ ఒక పెద్దమనిషీ. నేనే కాస్త ముందున్నాను.

అంతవరకూ నా టైర్లలాంటి వాటితోనే వచ్చినవాడు, ఆ రోజు వెనక ఒక వ్యాన్ వేసుకుని దిగాడు. అందులో దుప్పట్లు చుట్టిన టైర్లు. పసిపిల్లల్ని దింపినట్టు దింపించి, వచ్చిన టైర్లు ఊడదీయించి, వాటిని బిగించుకున్నాడు. గోరుతో నొక్కితే గుంట పడేంత మెత్తన, అచ్చం రేసు టైర్లలాగే. అవీ రోడ్డు టైర్లేనట! వాటికీ నాతో సమానంగా రాయితీ అట! ఒళ్లు మండిపోయింది.

నేరుగా పోటీ నడిపే ఆయన దగ్గరికి వెళ్లాను. ఆయన చెడ్డవాడేం కాదు, నాకు అదే ఇంకా చిరాకు. వంగి, ఫోన్ లైటు వేసి, టైరు పక్కనున్న అక్షరాలు చదివి లేచాడు.

“రూల్ల ఏమున్నదో గదే జూస్తం అక్కా. గీ టైరు రోడ్డు మీదికి పోవచ్చు అని ఉన్నది.”

“పోవచ్చు, సరే అన్నా. పోతదా?” అన్నాను. “గీ టైర్ల మీద నాచారం దాకా పోయి రమ్మను. వస్తే నేనే చప్పట్లు కొడత.”

ఆయన ఫోన్ లైటు ఆర్పి, అతని పేరు పక్కన రాయితీ రాసేశాడు. అంతసేపూ చాయ్ తాగుతూ ఆ టైర్ల గురించి గొణిగినవాళ్లంతా ఒక్కసారిగా తమ బానెట్ల కింద ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టారు. ఓడిపోతానని భయపడి అలా మాట్లాడుతున్నానని పెద్దమనిషి పక్కవాడితో అన్నాడట. భయమే మరి. ఏడాది కష్టం ఎవడి చేతుల్లోకో పోతుంటే భయం కాక పండగా?

జన్మలో అంత బాగా నడపలేదు నేను. ఒక్క కోన్ కూడా తగల్లేదు. అయినా అతను రెప్పపాటు తేడాతో నన్ను దాటేశాడు. ఆ తేడా ఎక్కడిదో అక్కడున్న ప్రతివాడికీ తెలుసు.

“రోడ్డు టైర్లతో ఈ ఏడాది కప్పు గెలిచిన అన్న” అని మైకులో పిలిచారు. రాలేదు. మళ్లీ పిలిచారు. అందరం తలలు తిప్పి చూశాం. అతని కారు ముందు చక్రాలు లేకుండా జాకీ మీద నిలబడి ఉంది. మెత్తటి టైర్లు అప్పుడే దుప్పట్లు కప్పుకుని వ్యానెక్కేశాయి. ఇంటికెళ్లే టైర్లు ఇంకా బిగించలేదు. అతను చేతులు తుడుచుకుంటూ వచ్చి కప్పు పుచ్చుకున్నాడు. ఒక్కడూ నవ్వలేదు, ఒక్కడూ అడగలేదు.

రెండో బహుమతికి నన్ను పిలిచారట. నేనక్కడ లేను. అప్పటికే రోడ్డు మీద ఉన్నాను.