ఏం చెప్పిన?

యూనివర్సిటీలో మాకు కయాకింగ్ నేర్పిన సీనియర్‌ని అందరం అక్క అనేవాళ్లం. సీతాఫల్‌మండి నుంచి సైకిల్ మీద వచ్చేది. ఏ మాట చెప్పినా చివర "ఏం చెప్పిన?" అని అడిగి, దాన్ని మాతో తిరిగి చెప్పించుకునేది.

"రేపు పొద్దుగాల తార్నాక బస్టాప్ కాడుండాలె. ఏం చెప్పిన?"

ఆమె వెళ్లిపోయాక చాయ్ తాగుతూ మేం ఆ మాటనే ఒకరినొకరం అడిగి నవ్వుకునేవాళ్లం.

ఒకరోజు చెరువులో ఒక జూనియర్ పడవ తిరగబడింది. లైఫ్ జాకెట్ ఉన్నా భయంతో నీళ్లను బాదుతున్నాడు. మేం తలో వైపు నుంచి తలో మాట అరుస్తున్నాం. అక్క తన తెడ్డును నిలువుగా పైకెత్తింది. అంటే ఇక ఆమె ఒక్కతే మాట్లాడుతుందని, మేమంతా ఆగాలని.

"నన్ను చూడు. పడవ ఇడువకు. ఏం చెప్పిన?"

"పడవ ఇడువ," అన్నాడు వాడు నీళ్లు ఉమ్ముతూ. ఆ మాట అన్నాకే వాడి చేతులు పడవను పట్టుకున్నాయి.

ఆ చలికాలంలోనే ఒక ఈదురుగాలికి అక్క పడవ బోల్తా పడింది. దగ్గర్లో ఉన్నది నేనే. ఏం చేయాలో నాకన్నా ఆమెకే బాగా తెలుసు కదా అని, ఆమె చెబుతుందేమోనని చూశాను. నీళ్లలోంచి ఆమె కూడా నా మాట కోసమే చూస్తోంది.

తెడ్డు పైకెత్తాను.

"అక్కా, నన్ను చూడు. పడవ ఇడువకు."

తర్వాతి మాట ఆమెను అడగడానికి నాకు నోరు రాలేదు.

"పడవ ఇడువ," అని నేను అడగకుండానే అక్క బుద్ధిగా అప్పజెప్పింది.